పెళ్ళిళ్ళకు దాస్తున్నారు సరే, రేపటి జ్వరానికి డబ్బేదమ్మా?

ప్రశ్న: మాది తెనాలి. నాకు 31, మావారికి 35. ఆయన ఒక మందుల కంపెనీలో సేల్స్‌లో చేస్తారు. చేతికి నెలకు 52,000 వస్తుంది, ఇన్సెంటివ్ పడితే అదనం. నేను బీకాం చదివి మూడేళ్లు ఉద్యోగం చేశాను, పెద్ద పాప పుట్టాక మానేశాను. పాపలకు ఇప్పుడు ఆరేళ్లు, మూడేళ్లు. సుకన్య ఖాతాల్లో నెలకు చెరో 5,000 వేస్తున్నాం. ఇద్దరి పేరా పిల్లల పాలసీలున్నాయి, నెలకు 4,500. ఇంటి ఓనరుగారి అక్క నడిపే లక్ష రూపాయల చీటీ కడుతున్నాను. ఇరవై నెలల్లో పద్నాలుగు అయ్యాయి, ఇంకా పాడలేదు. కిందటేడు చిన్నపాపకి న్యుమోనియా వస్తే కొంత బంగారం ప్రైవేటు ఫైనాన్స్‌లో పెట్టి 1,60,000 తెచ్చాం, వడ్డీ 14 శాతం. జూన్‌లో ఇన్సెంటివ్ రాలేదు. స్కూలు ఫీజుకని మావారికి చెప్పకుండా లోన్ యాప్‌లో 20,000 తీసుకున్నాను. ఒక యాప్‌ది తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకుంటూ ఇప్పుడది 38,000 అయింది. నేను సంపాదించడం లేదు కదా, పాపల కోసం నా వంతుగా ఏదైనా చెయ్యాలని ఉంది. మిగతా బంగారం కూడా పెట్టి 4 లక్షలు తెచ్చి ఒక వెంచర్లో ప్లాటుకి కడితే వాళ్ల పెళ్ళిళ్ళ నాటికి అక్కరకొస్తుందా? లేక సుకన్యలోనే ఇంకా పెంచమంటారా?

జవాబు: రెండూ వద్దమ్మా. ప్లాటు ఊసే వద్దు. సుకన్య సంగతంటారా, పెంచడం కాదు, రెండేళ్లపాటు బాగా తగ్గించమంటాను. ఆడపిల్లల డబ్బు తగ్గించమంటాడేమిటి ఈయన అనుకోకండి, కారణం చెబుతాను. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఇంట్లో ఒక్క జీతం, ఇద్దరు చిన్న పిల్లలు. పదిహేనేళ్ల తర్వాతి పెళ్ళికి పద్ధతిగా దాస్తుంటారు, వచ్చే నెల రాబోయే జ్వరానికి మాత్రం రూపాయి ఉండదు. మీ లెక్కల్లో ఈ పొరపాటు స్పష్టంగా కనబడుతోంది కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

మీరు ఫోటో తీసి పంపిన ఖర్చుల పుస్తకం పేజీ చూశాను. అద్దె 10,000. సరుకులు, పాలు, గ్యాస్, కరెంటు కలిపి 14,000. స్కూలు ఫీజు వాయిదా, వ్యాను 5,500. ఆయన పెట్రోలు, ఫోన్లు 3,000. సుకన్య 10,000, పాలసీలు 4,500, చీటీ 5,000. మొత్తం సరిగ్గా 52,000. చక్కగా రాశారు, పెన్సిలు ఖరీదు కూడా వదల్లేదు. కానీ ఆ పేజీలో గోల్డ్ లోన్ వడ్డీ లేదు. లక్షా అరవై వేలకి 14 శాతమంటే నెలకు 1,870 దాకా. అది ఎవరూ అడగకుండా అక్కడ పెరుగుతూనే ఉంది. ఏడాది తిరిగేసరికి 22,400 అవుతుంది. యాప్ వాయిదాలు కూడా ఆ పేజీలో లేవు. పోయిన నెల వరుసలో నెబ్యులైజర్ 1,850 అని ఉంది, పక్కన "సర్దాను" అని రాసుకున్నారు. దేంట్లోంచి సర్దారు? యాప్‌లోంచేగా!

ఒక చేత్తో 8.2 శాతానికి ఏటా 1,20,000 దాస్తున్నారు. రెండో చేత్తో 14 శాతానికి, యాప్ దగ్గరైతే అంతకు ఎన్నో రెట్లకు అప్పు మోస్తున్నారు. దీన్ని పొదుపు అనడానికి నాకు నోరు రావడం లేదు.

న్యుమోనియా సంగతి ఇంకాస్త చూద్దాం. మీరు వివరంగా రాశారు: కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, కానీ ఆ ఆసుపత్రిలో క్యాష్‌లెస్ లేదు. ముందు కట్టి తర్వాత క్లెయిమ్ పెట్టుకున్నారు, రెండు నెలలకు 70,000 వచ్చింది, అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లందరూ తెలుసుకోవాల్సిన ముక్క ఇది. క్లెయిమ్ డబ్బు వచ్చేలోపు కౌంటర్లో కట్టాల్సింది మీరే. ఆ రోజు చేతిలో లక్షన్నర ఉండి ఉంటే బంగారం బీరువాలోనే ఉండేది, వచ్చిన 70,000 తిరిగి దాని చోటికి చేరేది. దాచిన నిధంటూ లేదు కాబట్టి, వచ్చిన డబ్బుకి వెళ్లడానికి చోటు లేక సరుకుల్లోకి పోయింది.

అందుకని ముందు అత్యవసర నిధి. మీ ఇంటికి ఎంత కావాలంటే, దాపుడు లెక్కలు తీసేసి తప్పనిసరి ఖర్చులు మాత్రం కూడితే 32,500. దానికి ఇన్సూరెన్స్ ప్రీమియంలు కలిపి 35,000 అనుకోండి. ఆయనది సేల్స్ ఉద్యోగం, టార్గెట్ల మీద నడిచే జీతం. కాబట్టి మూడు నెలలది చాలదు, ఆరు నెలలది కావాలి. అంటే 2,10,000. పెద్ద మొత్తంలా ఉంది కదూ? మీరు రెండేళ్లలో సుకన్యలో వేసేది ఇంతకంటే ఎక్కువే.

ఈ డబ్బు దేనికి కాదో కూడా చెప్పాలి. జూన్ ప్రతి ఏడాదీ వస్తుంది. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, వ్యాను అడ్వాన్సు, దసరా బట్టలు, బండి ఇన్సూరెన్స్, యాన్యువల్ డే డ్రెస్సులు, ఇవేవీ అత్యవసరాలు కావు. తేదీ కూడా ముందే తెలిసిన ఖర్చులు. ఏడాదికి ఎంతవుతాయో కూడి పన్నెండుతో భాగించి, ఆ ముక్క నెలనెలా వేరే తీసిపెట్టాలి. మీరు యాప్‌లో అప్పు చేసింది స్కూలు ఫీజుకి. ఆ ఫీజు ఎప్పుడు కట్టాలో బడిలో చేర్చిన రోజునే తెలుసు. ఇన్సెంటివ్‌ని నమ్ముకుని ఫీజు పెట్టుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. ఇకమీదట ఇన్సెంటివ్ వస్తే నిధిలోకి పోవాలి, ఇల్లు మాత్రం జీతం మీదే నడవాలి.

నిధి ఎక్కడ పెట్టాలంటే, మొదటి పేరు మీది, రెండో పేరు ఆయనది, ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చెల్లేలా జాయింట్ ఖాతా. మొదటి పేరు మీది ఎందుకంటే అర్ధరాత్రి పాపకి జ్వరం 104 దాటినప్పుడు ఇంట్లో ఉండేది మీరు. ఆయన అప్పటికి ఏ ఒంగోలు లాడ్జిలోనో ఉంటారు. ఏటీఎం కార్డు మీ దగ్గరుండాలి. ఆ ఖాతాకి యూపీఐ మాత్రం పెట్టుకోవద్దు, పెడితే ఆన్‌లైన్ సేల్ రోజున నిధికి చిల్లు పడుతుంది. ఒక 30,000 సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది 25,000 చొప్పున విడివిడి ఫిక్స్‌డ్ డిపాజిట్లు చెయ్యండి. అవసరమొస్తే ఒక్కటే విరుచుకోవచ్చు, మిగిలిన వాటి వడ్డీ చెడదు.

ఇక డబ్బెక్కడిది? చీటీ ఉంది కదా. పదిహేనో నెల పాటలో పాడేయండి. చివరి నెలలు కాబట్టి తోపుడు (పాటలో వదులుకునే మొత్తం) తక్కువే ఉంటుంది, తొంభై రెండు వేల దాకా చేతికి రావాలి. రిజిస్టరు కాని చీటీలో, అదీ తెలిసినావిడ మొహమాటం మీద నడిచేదాంట్లో, చివరి నెల వరకూ డబ్బు వదిలేయడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేని పని. ఆవిడ మంచావిడే కావచ్చు. పాడుకున్నవాళ్లు ఎగ్గొడితే ఆవిడ మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చిస్తారు?

ఆ తొంభై రెండు వేలల్లో 38,000 యాప్‌లకి కట్టేయండి, అదే రోజు. కట్టాక బాకీ లేదన్న మెసేజ్‌నో ఉత్తరాన్నో దాచుకుని, యాప్‌కి ఫోన్లో ఇచ్చిన అనుమతులన్నీ తీసేసి, ఆ తర్వాత యాప్ తీసేయండి. కాంటాక్టులకు ఫోన్లు చేస్తామని, ఫోటోలు పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యాలి, భయపడి ఇంకో యాప్‌లో తీసుకోకూడదు. ఇంత చదువుకున్న మీరు ఫీజు కోసం ఆ ఊబిలో కాలు పెట్టడం చూసి నిజంగా కోపం వచ్చింది. స్కూల్లో అడిగితే పదిహేను రోజులు గడువిచ్చేవారేమో, అడిగారా? ఇంకొకటి, ఈ సంగతి ఆయనకి ఇవాళ చెప్పండి. రికవరీ వాళ్లు ఆయన మేనేజరుకి చెప్పేదాకా ఆగొద్దు.

మిగిలిన 54,000 గోల్డ్ లోన్‌కి కట్టేస్తే వడ్డీ తగ్గుతుంది కదా అంటారు. లెక్క ప్రకారం మీరే రైటు. అయినా కట్టొద్దు. 50,000 డిపాజిట్‌లో ఉంటే 6 శాతం చొప్పున ఏడాదికి 3,000 వస్తుంది. గోల్డ్ లోన్‌లో అదే 50,000 మీద 7,000 వడ్డీ పోతుంది. తేడా 4,000, అంటే నెలకు 330 రూపాయలు నష్టపోతారు. ఆ మూడొందల ముప్పై, మళ్లీ యాప్ మొహం చూడకుండా ఉండేందుకు కట్టే ఖరీదు. బంగారం విడిపించి చేతులు ఖాళీ చేసుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండా అదే కౌంటర్ దగ్గర నిలబడటం నేను చూస్తూనే ఉన్నాను.

సుకన్యని చెరో 500కి దించండి. ఏడాదికి ఖాతాకి 250 కడితే చాలు, అది బతికే ఉంటుంది. 8.2 శాతం, పన్ను లేదు, పథకం మంచిదే, కాదనను. కానీ అందులో వేసిన డబ్బు పాపకి పద్దెనిమిదేళ్లు నిండేదాకానో, పదో తరగతి అయ్యేదాకానో చదువుకైనా రాదు. దాని మీద అప్పు కూడా పుట్టదు. మీ పెద్దపాప పదో తరగతికి ఇంకా దాదాపు పదేళ్లుంది. ఈ పదేళ్లలో వచ్చే ప్రతి ఇబ్బందికీ ఆ పాస్‌బుక్ చూసుకుని ధైర్యం తెచ్చుకోవాలే గానీ మామూలుగా పైసా తీయలేరు.

దీనివల్ల నెలకు 9,000 చేతిలోకి వస్తుంది. గోల్డ్ లోన్ వడ్డీ 1,870 నెలనెలా కట్టేయండి. 3,000 కింద చెప్పబోయే ఇన్సూరెన్స్‌లకి. మిగిలిన నాలుగు వేల పైచిలుకు నిధికి. చీటీ వాయిదాలు ఐదు నెలల్లో అయిపోయాక ఆ 5,000 గోల్డ్ లోన్ అసలుకి వెళ్లాలి. ఏడాది చివరికి నిధిలో లక్ష దాటుతుంది, బంగారం మీద అప్పు 35,000 తగ్గుతుంది. సగం దారి అది. మిగతా సగం రెండో ఏడాదిలో. ఆ తర్వాత సుకన్యని మళ్లీ 5,000కి పెంచుకోండి, ఎవరూ వద్దనరు.

ఇన్సూరెన్స్ విషయంలో మీ ఇంట్లో వరస తిరగబడింది. జీతం తెచ్చే మనిషికి లేదు, మూడేళ్ల పిల్లకి ఉంది. ఆయన పేరున కనీసం 75 లక్షలకు టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే జీవిత బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. సిగరెట్టు అలవాటుంటే దాచకుండా రాయించండి, రేపు క్లెయిమ్ దగ్గర తిరిగేది మీరు. పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద మీ పేరు, పాపల పేర్లు రాయించాలి, తర్వాత చేర్చడం కుదరదు. అలా రాయిస్తే ఆయన అప్పులవాళ్లు ఆ డబ్బు జోలికి రాలేరు. నలుగురికీ కలిపి సొంతంగా ఒక ఆరోగ్య పాలసీ కూడా కావాలి, కంపెనీది ఉద్యోగంతో పాటే పోతుంది. పిల్లల పాలసీలని, ఈ రెండూ చేతికొచ్చేదాకా కదపొద్దు. వచ్చాక బ్రాంచికి వెళ్లి పెయిడప్ చేస్తే (ఇక కట్టకుండా అలాగే ఉంచితే) ఎంత, సరెండర్ చేస్తే (రద్దు చేసి డబ్బు తీసుకుంటే) ఎంత అని కాగితం మీద రాయించుకుని నాకు పంపండి. ఏజెంటు మీ ఆడపడుచు భర్త అన్నారు కదా, ఆయన్ని అడగొద్దు.

మీరు సంపాదించడం లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. పొద్దున్నే రెండు క్యారేజీలు, వ్యాను దగ్గర దింపడం, మధ్యాహ్నం చిన్నదాన్ని పడుకోబెట్టి పెద్దదాని హోంవర్కు, ఈ పనికి మనిషిని పెట్టాలంటే తెనాలిలో ఎంత అడుగుతారో ఒకసారి వాకబు చెయ్యండి. మీకు జరగరానిది జరిగితే ఆ ఖర్చు ఇంటి మీద పడుతుంది. అందుకే గృహిణులకి కూడా టర్మ్ ఇచ్చే కంపెనీలున్నాయి. ఆయనది అయ్యాక మీ పేరున పాతిక లక్షలకి అడగండి. ఆలోపు బ్యాంకులో ఏటా 436 రూపాయల జీవన జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) ఇద్దరూ తీసుకోండి.

సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టడం) నిధి నిండాక చూద్దాం. ట్యూషన్లు చెప్పాలని మీకే సరదా ఉంటే చెప్పండి, అప్పు తీర్చడానికని మొదలుపెట్టొద్దు. ప్లాటుకి తెచ్చే 4 లక్షల మీద 14 శాతమంటే నెలకు 4,667 వడ్డీ. మీ పేజీలో ఆ వరుస రాయడానికి చోటు లేదు. వెంచర్‌కి రెరా నంబరు (ప్రభుత్వ రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్) ఉందో లేదో అన్నది ఆ తర్వాతి మాట.

మీవారికి పీఎఫ్ కోత ఉందని రాశారు. పీఎఫ్ ఉన్న ఉద్యోగికి దాంతోపాటు 7 లక్షల దాకా బీమా ఉంటుంది. నామినీగా ఇంకా వాళ్లమ్మగారి పేరే ఉందేమో పోర్టల్లో చూసి మార్పించండి. అలాగే గోల్డ్ లోన్ రసీదు తీసి గడువు తేదీ ఎప్పుడో చూడండి. ఏడాది గడువైతే దగ్గరికొచ్చేసి ఉంటుంది. వేలం నోటీసు వచ్చేదాకా ఆగకుండా, జాతీయ బ్యాంకులో బంగారం అప్పుకి వడ్డీ ఎంతో కనుక్కుని, తక్కువైతే అక్కడికి మార్చుకోండి. వెళ్లేటప్పుడు ఆధార్, పాన్, పాత రసీదు తీసుకెళ్లండి.