ఆయన ఫోను వెలగనే లేదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, మా వారికి 41. ఇద్దరం హేతువాదులం. పన్నెండేళ్ల క్రితం ఏ మతపు తంతూ లేకుండా సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్నాం. దేవుడి మాట వస్తే ఎదుటివాళ్లు నోరు మూసుకునేదాకా వాదించే ఆయన తీరు చూసే ఇష్టపడ్డాను. ఎనిమిది నెలల క్రితం మా అత్తగారు పోయారు. ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు ఉన్నారు. రాత్రుళ్లు ఆయనే దగ్గరున్నారు. తర్వాత రెండు నెలలకు ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే మంచం అంచున కూర్చుని ఉన్నారు, చీకట్లో పెదవులు కదులుతున్నాయి. నా అలికిడి కాగానే ఫోను తీసి చూస్తున్నట్టు నటించారు. అది వెలగనే లేదు. ఆయన సంచిలో అత్తగారి ప్రార్థన పుస్తకం దొరికింది, అంచుల్లో ఆవిడ పెన్సిలు రాత. తీసి నా బీరువాలో పెట్టాను. వారానికోసారి ప్రార్థనకు కూడా వెళ్తున్నారని తర్వాత తెలిసింది. నిలదీస్తే "ఎందుకో నాకే తెలియదు, వదిలెయ్" అన్నారు. నేను వదల్లేదు. మేమిద్దరం చదివిన పుస్తకాలు ముందు పెట్టి, ఆయన మాటలే ఆయనకు అప్పజెప్పాను. లేచి వెళ్లిపోయారు. నేను మోసపోయాననిపిస్తోంది. మా నాన్న రోజూ గంటసేపు ప్రార్థన చేసి లేచి, అదే నోటితో అమ్మను తిట్టేవారు, కొట్టేవారు. పదహారేళ్లకే నాకు నమ్మకం పోయింది. ఆ తర్వాతే చదివి, ఆలోచించి నాస్తికత్వానికి వచ్చాను. తిరిగి తిరిగి మళ్లీ అదే ఇంట్లో పడ్డానా? ఆయనకు మతి చెదిరిందా? వాదించి వెనక్కి తెచ్చుకోగలనా? మా పాపకు తొమ్మిదేళ్లు. తనకు ఏమని చెప్పాలి?
— పేరు వద్దు

జవాబు: ఏ మతమో మీరు రాయలేదు. అడగను కూడా. నేను నమ్ముతానా లేదా అని అడిగే పాఠకులు ఎప్పుడూ ఉంటారు, వాళ్లకూ చెప్పను. చెబితే సగం మంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు.

తేలికైన ప్రశ్నతో మొదలుపెడతాను. మతి చెదరలేదు. తల్లి పోయిన మనిషి ప్రార్థన చేసుకోవడం జబ్బు కాదు. రేపు ఎప్పుడైనా ఆవిడ పిలిచినట్టు వినిపించిందనో, గదిలో ఉన్నట్టు అనిపించిందనో ఆయన అన్నా కంగారుపడకండి. వేల్స్‌లో డెవి రీస్ అనే వైద్యుడు భార్యనో భర్తనో పోగొట్టుకున్న దాదాపు 300 మందితో మాట్లాడి 1971లో రాసిన వ్యాసం ప్రకారం, వాళ్లలో సగానికి కాస్త తక్కువ మందికి పోయినవాళ్లు దగ్గరున్న అనుభవం ఏదో ఒక రూపంలో కలిగింది. చాలామంది ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. కొందరికి నవ్వుతారని భయం. భయపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి: నిద్ర, తిండి మానేయడం, వేసుకోవాల్సిన మందులు వద్దనడం, ఫలానా పని చెయ్యమని గొంతులు ఆజ్ఞాపిస్తున్నాయనడం, ఇంట్లో డబ్బు మీకు తెలియకుండా తరలిపోవడం, అయినవాళ్లందరినీ దూరం పెట్టడం. వీటిలో ఏది కనిపించినా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు.

ఇక వాదన సంగతి. మీ ఉత్తరం రెండోసారి చదువుతూ ఒక మాట కింద గీత గీసుకున్నాను: "ఆ తర్వాతే". ముందు నాన్న చెయ్యి లేచింది, అమ్మ ఏడ్చింది, మీ నమ్మకం పోయింది. పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి. మీకు తెలియకుండానే వరుస సరిగ్గా రాశారు. అందుకని మీ నాస్తికత్వం తప్పు అనడం లేదు. ఒక అభిప్రాయం మన దగ్గరికి ఏ దారిన వచ్చిందన్నది ఒక ప్రశ్న, అది నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న. దెబ్బ తిన్నవాడు చెప్పిన లెక్క కూడా సరైన లెక్క కావచ్చు. నేను మాట్లాడేది దారి గురించే.

ఆ దారి గురించి కొంత తెలుసు. మనుషులు దేన్ని నమ్మాలో నిర్ణయించుకునేటప్పుడు చెప్పేవాడి మాటల కంటే ఆ మాటల కోసం అతను ఏం చేస్తున్నాడు, ఏం వదులుకుంటున్నాడు అన్నది ఎక్కువ చూస్తారని జోసెఫ్ హెన్రిక్ అనే మానవ శాస్త్రవేత్త 2009లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మీరు పదహారేళ్లకు చూసింది దానికి సరిగ్గా తిరగేసిన బొమ్మ. గంట సేపు మాటలు, ఆ వెంటనే చేత. ఏ పిల్లైనా చేతనే నమ్ముతుంది. కాలిఫోర్నియాలో వందల కుటుంబాలను 1970ల మొదటి నుంచి మూడున్నర దశాబ్దాలు వెంబడించిన వెర్న్ బెంగ్ట్‌సన్ బృందానికి కనిపించింది కూడా ఇలాంటిదే. తల్లిదండ్రుల నమ్మకం పిల్లలకు అందాలంటే వాళ్ల భక్తి ఒక్కటే చాలదు. పిల్లలతో వాళ్లకు దగ్గరితనం ఉండాలి, అందులోనూ తండ్రితో. మీ నాన్నగారు ఎంత ప్రార్థించినా మీకు చేరాల్సింది చేరలేదు.

మీ వారి దారి కూడా అంతే. మరోలా ఎందుకుంటుంది?

1960ల మొదట్లో ఇద్దరు యువ సామాజిక శాస్త్రవేత్తలు, జాన్ లోఫ్‌లాండ్, రోడ్నీ స్టార్క్, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అప్పుడే మొలకెత్తుతున్న ఒక చిన్న మతబృందంలో ఎవరు చేరుతున్నారో దగ్గరుండి గమనించారు. బోధ విని ఒప్పుకున్నవాళ్లు చేరుతున్నారనే అంతా అనుకుంటారు. వీళ్లు చూసింది వేరు. లోపలివాళ్లతో బంధం ఎవరికి బయటి బంధాల కంటే గట్టిపడిందో వాళ్లు చేరారు. బోధ మీద ఎంతో ఆసక్తి చూపినా స్నేహం కుదరనివాళ్లు చేరలేదు. కొంతకాలం గడిచాక అడిగితే మాత్రం చేరినవాళ్లు బోధ గొప్పతనం గురించే చెప్పేవారు. ముందు మనిషి, తర్వాత కారణం. చెప్పుకునేటప్పుడు వరుస తారుమారవుతుంది.

కష్టం సంగతి కూడా చూడండి. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ భూకంపంలో 185 మంది చనిపోయారు. అనుకోకుండా కలిసివచ్చిన సంగతేమిటంటే, 2009లోనే కొందరు పరిశోధకులు దేశమంతటా వేలమందిని వాళ్ల మతవిశ్వాసం గురించి అడిగి ఉంచారు. భూకంపం తర్వాత అదే మనుషులను మళ్లీ అడిగారు. దేశంలో మిగతాచోట్ల విశ్వాసం కాస్త తగ్గింది, భూకంపం తాకినవాళ్లలో పెరిగింది. ఆ కొత్త విశ్వాసంతో ఆరోగ్యం మెరుగుపడిందా అంటే, అలా ఏమీ తేలలేదు. కాబట్టి "నమ్మితే నయమవుతుంది" అని ఎవరైనా ఆయనకు అమ్మజూపితే జాగ్రత్త పడాల్సిందే. నేల కదిలినప్పుడు చెయ్యి దేన్నో పట్టుకుంటుంది, ఇక్కడ తెలుస్తున్నది అంతవరకే.

మీ వారికి నేల కదిలింది ఆ ఆసుపత్రి గదిలో. పందొమ్మిది రాత్రులు. అక్కడ ఏం జరిగిందో మీకు తెలియదు. నాకూ తెలియదు. కానీ ఆయన సంచిలో ఉన్నది కొత్తగా కొన్న పుస్తకం కాదు, ఆవిడ పుస్తకం. రాత్రి నిద్ర పట్టని తల్లి, కళ్లు కనిపించక, చదివి వినిపించమని కొడుకును అడిగి ఉండవచ్చు. జీవితమంతా ఆ పుస్తకంతో వాదించిన కొడుకు, వాదించకుండా చదివి ఉండవచ్చు. ఊహే, కాకపోవచ్చు. "ఎందుకో నాకే తెలియదు" అన్నారు చూశారా, మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నింటికంటే నిజాయితీగా వినిపించిన మాట అదే. మీరు దాన్ని తప్పించుకోవడం అనుకున్నారు.

అందుకే పుస్తకాలు ముందు పెట్టడం పనిచెయ్యలేదు. ఆ వాదనలు ఆయనకు కొత్తవా? కొన్ని మీకు నేర్పిందే ఆయన. జవాబు దొరక్క లేచి వెళ్లారనుకోకండి. మీరు అడిగిన ప్రశ్న దేవుడు ఉన్నాడా అని. ఆయన గొంతులో అడ్డుపడి ఉన్నది అమ్మ లేదు అన్న సంగతి. ఇన్నేళ్లుగా ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను, భోజనాల దగ్గర వాదనలో ఓడిపోయి నమ్మకం వదిలినవాళ్లను గానీ, తెచ్చుకున్నవాళ్లను గానీ ఒక్కరిని చూడలేదు. మాట్లాడటం మానేసినవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

మోసం అన్నారు. మనసు మారడం మోసం కాదు. దాచడం మాత్రం తప్పే, ఆ తప్పు ఆయనదే, మీరు నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. అయితే ఎవరి దగ్గర దాచారో చూడండి. వెలగని ఫోను చేతిలో పట్టుకున్న మనిషి దేవుడికి భయపడలేదు, మీకు భయపడ్డాడు. మీరు ప్రేమించింది గెలిచే ఆయనను. ఓడిన ఆయనను మీకు చూపించడానికి సిగ్గుపడ్డారు.

ఇలాంటి కాపురం ఒకటి చరిత్రలో వివరంగా నమోదై ఉంది, మీ ఇంటికి అద్దంలో బొమ్మలా. చార్లెస్ డార్విన్ పెళ్లికి ముందు, తన మత సందేహాలు కాబోయే భార్యకు చెప్పవద్దని తండ్రి సలహా ఇచ్చారు. డార్విన్ వినలేదు, చెప్పేశారు. ఎమ్మా గట్టి విశ్వాసం ఉన్న మనిషి. 1838 నవంబరులో ఆమె రాసిన ఉత్తరం సారం ఇది: నిజాయితీ గల సందేహం పాపం కాదని నా బుద్ధికి తెలుసు, కానీ మన మధ్య అది బాధాకరమైన వెలితి అవుతుందేమో, అయినా దాచకుండా చెప్పినందుకు మనసారా కృతజ్ఞతలు. 1839 జనవరిలో పెళ్లయింది. కొత్త కాపురంలోనే ఇంకో ఉత్తరం రాశారు, రుజువయ్యేదాకా ఏదీ నమ్మని మీ వృత్తి అలవాటు రుజువుకు అందని వాటి మీదికి కూడా పాకుతోందేమో అని. డార్విన్ ఆ ఉత్తరం జాగ్రత్తగా దాచుకున్నారు. తాను పోయాక ఆమె చూసేలా దాని మీదే రాశారు, దీన్ని ఎన్నిసార్లు ముద్దు పెట్టుకుని ఏడ్చానో తెలుసుకో అని. 1851లో వాళ్ల పదేళ్ల కూతురు ఆనీ జబ్బుచేసి చనిపోయింది. ఇద్దరిదీ ఒకటే దుఃఖం. ఆమె ప్రార్థన మానలేదు, ఆయన మళ్లీ నమ్మలేదు. ఆమె చర్చికి వెళ్లేవారు, ఆయన వెళ్లేవారు కాదు. 43 ఏళ్లు కలిసి బతికారు. ఆమె వెలితి అన్న మాట అబద్ధం కాలేదు, ఆ వెలితి చివరిదాకా ఉంది. దాన్ని వాళ్లు దాచుకోలేదంతే.

ఇప్పుడు మీరు నిజంగా అడగాలనుకున్న ప్రశ్న: మళ్లీ అదే ఇంట్లో పడ్డానా? మీ వారు గొంతు పెంచారా? చెయ్యెత్తారా? మిమ్మల్ని తనతో రమ్మన్నారా? ఉంటే మీరు తప్పకుండా రాసేవారు. మీ అమ్మను కొట్టింది ప్రార్థన కాదు, మీ నాన్న. ప్రార్థన చెయ్యని నాన్నలు కూడా కొడతారు. తెల్లవారుజామున కదిలే పెదవులు చూడగానే మీ ఒళ్లు పదహారేళ్ల వయసుకు వెళ్లిపోయింది, అది మీ చేతిలో లేదు. ఈ మాట ఆయనకు చెప్పండి. "నువ్వు తప్పు" అని కాదు, "నాకు భయమేసింది, ఎందుకంటే ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగేదో నాకు తెలుసు" అని. పన్నెండేళ్లలో మీరు మీ నాన్న గురించి ఆయనకు ఎంత చెప్పారో తెలియదు. వాదనలో ఉదాహరణగా చెప్పి ఉంటారు. ఏడుస్తూ చెప్పి ఉండరు.

హద్దులు పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. మిమ్మల్ని రమ్మని ఒత్తిడి ఉండకూడదు. పెద్ద మొత్తాలు ఇద్దరి మాట లేకుండా ఎవరికీ వెళ్లకూడదు. పాపను ఏ తంతులోనైనా చేర్చే ముందు ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇవి ఇప్పుడే, మంచిగా ఉన్నప్పుడే అనుకోండి.

పాపకు ఉన్నదున్నట్టు చెప్పండి: "నాన్న ప్రార్థన చేసుకుంటారు, నేను చేసుకోను. మా ఇద్దరి ఆలోచనలు వేరు. నువ్వు పెద్దయ్యాక నీ ఆలోచన నీకుంటుంది." తొమ్మిదేళ్ల పిల్లకు ఇది అర్థమవుతుంది. ఎవరిది సరైనదని అడుగుతుంది, అడిగి తీరుతుంది. మీ అభిప్రాయం చెప్పండి, ఆయన అభిప్రాయం ఆయననే అడగమనండి. ఆయన తరఫున మీరు చెప్పవద్దు, వెక్కిరింపు ఏదో ఒక మూల నుంచి దూరుతుంది.

ఆయన ఇలాగే ఉండిపోతారా? కొందరికి దుఃఖం తగ్గాక ఇదీ పలచబడుతుంది, కొందరికి నిలిచిపోతుంది. పలచబడుతుందనే ఆశతో ఓపిక పట్టకండి, రోజులు లెక్కపెడుతున్నారని ఆయనకు తెలిసిపోతుంది.

ముందు ఆ పుస్తకం బీరువాలోంచి తియ్యండి. అది మీది కాదు. ఆయన చేతికి ఇచ్చి, తీసినందుకు క్షమించమనండి, అత్తగారు పెన్సిలుతో ఏం రాసుకున్నారో చదివి వినిపించమనండి. వినిపించేటప్పుడు మధ్యలో ఏమీ అనకండి.