నేల ఇంకుతుందా, నీళ్ళు ఇంకుతాయా?

సందేహం: మా మిర్యాలగూడ వైపు ‘చెలక నీళ్ళు గుంజుకుంటది’ అంటాం. మా అబ్బాయి సైన్సు ప్రాజెక్టులో అలాగే రాస్తే, బడిలో కొట్టేసి ‘నేల ఇంకుతుంది’ అని దిద్దారు. ఏది సరి? తడవడం, పీల్చడం, ఇంకడం ఒకటేనా?

సమాధానం: దిద్దుబాటే తప్పు. ఇంకేది నీళ్ళు, నేల కాదు. ‘బావి ఇంకిపోయింది’ అంటాం కదా అంటారేమో, అక్కడ కూడా ఇంకింది బావిలోని నీళ్ళే. ఇంకుడుగుంతలో గుంత ఇంకదు కదా!

మూడూ ఒకటి కావు. చేనులో ఏరిన పత్తిలోంచి కాస్త దూది తీసి నీళ్ళ మీద వేయండి, చాలాసేపు తేలుతుంది. మందుల షాపు దూది వేస్తే చూస్తుండగానే మునుగుతుంది. రెండూ పత్తి పోగులే, కాకపోతే ముడి పోగు మీద మైనం లాంటి పూత సహజంగానే ఉంటుంది, షాపు దూదికి క్షారంలో ఉడికించి దాన్ని పోగొడతారు. పోగు పైభాగం తడిస్తేనే మధ్య సందులు నీళ్ళను లోపలికి గుంజుతాయి, తడవకపోతే అవే సందులు నీళ్ళను అడ్డుకుంటాయి, ఒత్తిడి పెట్టి తోస్తే తప్ప పోవు. సైన్సులో దీన్ని స్పర్శకోణంతో చెబుతారు. నీటిబొట్టు అంచు దగ్గర, బొట్టు లోపలివైపు కోణం 90 డిగ్రీలకు తక్కువైతే తడిసే గుణం ఉన్నట్టు, ఎక్కువైతే లేనట్టు. గాజును నీళ్ళు తడుపుతాయి, పాదరసం తడపదు.

అంటే తడవడం పైన జరిగేది, పీల్చుకోవడం దానివల్ల లోపల జరిగేది. ఇంకడానికి నీటి బరువు కూడా తోడవుతుంది, చెరువు అడుగున నీళ్ళు దిగేది ముఖ్యంగా దానివల్లే.

గుంజే బలం సందు సైజును బట్టి ఉంటుంది. 1 మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో నీళ్ళు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కితే, అందులో పదోవంతు ఉన్న గొట్టంలో 15 సెంటీమీటర్లు ఎక్కుతాయి. కానీ సన్నని సందులో రాపిడి అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది, నడక మందగిస్తుంది. దుబ్బ నేలలో వాన నీళ్ళు గబగబా దిగిపోయి, రేగడిలో నింపాదిగా దిగడానికి ఇదొక కారణం. అడుగు తడిని ఎక్కువ ఎత్తుకు గుంజేది మాత్రం రేగడే.

కాబట్టి గుంజడం అన్న మాట ఇక్కడ పీల్చడం కంటే బాగా అతుకుతుందని నా అభిప్రాయం. పీల్చుకుంటుంది అన్నా తప్పు లేదు. పుస్తక భాష కావాలంటే ‘గుంజుకుంటది’ని ‘గుంజుకుంటుంది’ అని మారిస్తే చాలు, మిగతాదంతా అలాగే ఉంచమనండి.