కిందకి జారడమే కదా అనుకుంటే తొడలు పట్టేశాయి

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలతో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌కి స్కీయింగ్‌కి వెళ్ళాం, కొండ మీదకి తీసుకెళ్ళే లిఫ్టులకి 5 రోజుల పాసులు ముందే కొనేశాం. మొదటిరోజు సరదాగానే ఉంది, రెండోరోజు పొద్దున తొడలు రాళ్ళలా బిగుసుకుపోయాయి, మూడోరోజు సాయంత్రం మావారు "ఇంకొక్కటే" అంటే వెళ్ళి పడ్డాను. రోజూ అరగంట ట్రెడ్‌మిల్ చేస్తాను, నాకు 41. ఇది వయసు వల్లేనా? మార్చిలో మళ్ళీ వెళ్దామంటున్నారు, ఏం చెయ్యమంటారు?

జవాబు: వయసు మీదకి తోసెయ్యకండి, 25 ఏళ్ళ కుర్రాళ్ళు కూడా రెండోరోజు లాడ్జి మెట్లు రెయిలింగ్ పట్టుకునే దిగుతారు. అలిపిరి మెట్లు నడిచి దిగినవాళ్ళని అడగండి, ఎక్కినప్పుడు ఆయాసం, దిగినందుకు మర్నాడు తొడల నొప్పి. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బ్రేకులా బిగబట్టాలి, దాంతో లోపల సన్నసన్నగా దెబ్బతిని ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి బాగా ముదురుతుంది. స్కీయింగ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. పైగా కొత్తవాళ్ళం భయంతో వెనక్కి వాలిపోతాం కదా, అప్పుడు బరువంతా తొడల మీదే పడుతుంది, పిక్క ముందుభాగం బూటుకి ఆనేలా కొంచెం ముందుకి వంగితే చాలా తేలిక. మీ ట్రెడ్‌మిల్ గుండెకి మంచిదేగానీ ఈ బ్రేకులకి పనికిరాదు.

ఇంకోటి, ఎత్తు. డల్లాస్ ఎక్కడో 400 అడుగుల ఎత్తులో ఉంటే బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల మీద ఉంది, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మీ ఇంటి దగ్గరతో పోలిస్తే 70 శాతం చిల్లర, మొదటి రాత్రులు నిద్ర కూడా సరిగా పట్టదు. తలనొప్పి, వాంతులు ఉంటే ఆరోజు స్కీ మానెయ్యండి, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఆగకుండా కిందున్న ఊరికి దిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

మార్చికి ఇప్పట్నుంచే, వారానికి రెండుమూడు సార్లు, ఆఫీసులో పైకి లిఫ్ట్‌లో వెళ్ళి మెట్ల మీదుగా మెల్లగా దిగండి. స్క్వాట్స్ కూడా, కిందకి దిగడానికి 4 సెకన్లు పట్టేలా. మొదటిసారి నొప్పిపెడుతుంది, తర్వాత అదే పనికి కండరం అంతగా దెబ్బతినదు, ఆ అలవాటు కొన్ని వారాలు నిలుస్తుంది.

అక్కడికెళ్ళాక మూడోరోజు పూర్తిగా రెస్ట్ తీసుకోండి, పాస్ డబ్బులు పోయాయని ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు, అయినా సరే. మధ్యాహ్నం పులిహోరో పెరుగన్నమో కడుపునిండా తినండి (కొండ మీద బర్గర్ రేటు చూశాక మనవాళ్ళందరూ డబ్బాలు తెచ్చుకునేవాళ్ళే). లిఫ్టులు నాలుగింటి ప్రాంతంలో ఆపేస్తారు కాబట్టి మీరు మూడింటికల్లా బూట్లు విప్పెయ్యాలి, ఆ టైముకి మంచు గీరుకుపోయి ఐసులా ఉంటుంది, వెలుతురు తగ్గి గుంటలు కనపడవు, కాలేమో చెప్పినమాట వినదు. రెంటల్ షాపు ఫారంలో బరువు, అనుభవం ఉన్నదున్నట్టు రాయండి, గొప్పకి 'ఎక్స్‌పర్ట్' అని టిక్ పెడితే బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచేది) బిగించేస్తారు, పడ్డప్పుడు స్కీ ఊడక మోకాలు మెలితిరుగుతుంది.

అన్నట్టు మీరు పడ్డప్పుడు మోకాల్లో టప్పుమని ఏమైనా వినిపించిందా, ఆ రాత్రి వాచిందా? అలాంటిదుంటే మార్చి సంగతి తర్వాత, ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి.