థిన్ క్లయింట్ ల్యాబ్ చూసుకుంటున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మూడు మెషీన్లలో డిస్‌ప్లే సరిగ్గా రావడం లేదన్నావు, ఇంకోదాంట్లో మౌస్ తనంతట తానే ఎగురుతోందన్నావు, సర్వర్‌లో సెట్టింగుల ఫైలు కొత్తగా రాసేయనా అని అడిగావు. ఇప్పుడే రాయకు. థిన్ క్లయింట్‌లో మానిటర్, మౌస్ ఎదురుగా ఉన్న చిన్న పెట్టెకు తగిలించి ఉంటాయి, ప్రోగ్రాములు సర్వర్‌లో నడుస్తాయి, రెండింటినీ కలిపేది నెట్‌వర్క్. తప్పు ఈ మూడింట్లో ఎక్కడుందో తేలకముందే సర్వర్‌లో చెయ్యి పెడితే, బాగా పనిచేస్తున్న మెషీన్లు కూడా పడిపోతాయి. వాటి ముందు కూర్చుని పని చేసుకునేవాళ్ల సంగతి ఆలోచించు.

అన్ని మెషీన్లూ ఒకేసారి చెడితే సర్వర్ వైపు చూడాలి. ఈ మధ్య ఎవరైనా బూట్ ఇమేజ్, అంటే పెట్టెలు ఆన్ అవగానే సర్వర్ నుంచి తెచ్చుకునే సిస్టమ్ ఫైలు, అప్‌డేట్ చేశారేమో అడుగు. నీకు వచ్చింది అది కాదు కాబట్టి నేరుగా ఆ బల్ల దగ్గరికి వెళ్లు. పక్క మెషీన్ మానిటర్ తెచ్చి దీనికి తగిలించు. తప్పు మానిటర్‌తో పాటు వెళ్లిందా, పెట్టె దగ్గరే ఉండిపోయిందా చూడు. తర్వాత కేబుల్. ఒక్కసారికి ఒక్కటే మార్చు, టెన్షన్‌లో రెండూ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

స్క్రీన్ ఏ దశలో పోతోందో గమనించు. పవర్ వేయగానే రావలసిన మొదటి అక్షరాలే రాకపోతే కేబుల్, మానిటర్, లేదా మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్. అవి వచ్చి, బూట్ అయ్యాక నల్లగా అయిపోయినా, ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని కనిపించినా కేబుల్‌ను అనుమానించే ముందు రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) చూడు. మామూలు ఎల్‌సీడీ మానిటర్ 60 హెర్ట్జ్ దగ్గర హాయిగా ఉంటుంది. పాత పద్ధతి సెటప్‌లలో ఒక్కోసారి బూడిద రంగు స్క్రీన్ మధ్యలో ఇంటూ గుర్తులాంటి కర్సర్ మాత్రమే నిలబడి ఉంటుంది. దాన్ని చూసి డిస్‌ప్లే పోయిందనుకోకు. డిస్‌ప్లే బాగుంది, కర్సర్ కదులుతుంటే మౌస్ కూడా బాగుంది. లాగిన్ స్క్రీన్ ఇవ్వాల్సిన సర్వర్ నుంచి జవాబు రాలేదు, అంతే.

నీ మూడు మెషీన్లలో అక్షరాలు పెద్దవిగా, సాగదీసినట్టు వస్తున్నాయన్నావు కదా, నా అనుమానం కేబుల్ మీదే. మానిటర్ తనకు ఏ రిజల్యూషన్లు సరిపోతాయో ఈడీఐడీ అనే 128 బైట్ల సమాచారంగా పెట్టెకు చెబుతుంది. వీజీఏ అనే 15 పిన్నుల పాత రకం కేబుల్‌లో ఆ మాట 12, 15 నంబర్ల పిన్నుల మీదుగా వెళుతుంది. ఆ పిన్నుల్లో ఏది వంగినా, మధ్యలో నాసిరకం స్ప్లిట్టర్ ఉన్నా బొమ్మ వస్తుంది కానీ ఆ సమాచారం రాదు. అప్పుడు పెట్టె భయపడి 1024x768కో, ఇంకా తక్కువకో దిగిపోతుంది. 9వ పిన్ను కొన్ని కేబుళ్లలో అసలే ఉండదు, అది చూసి కేబుల్ పారేయకు.

కేబుల్ మార్చినా కుదరకపోతే అప్పుడు సెట్టింగ్ రాయి. అదీ ఆ ఒక్క మెషీన్‌కే. ప్రతి పెట్టె మీదా స్టిక్కర్‌పై మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ పెట్టెను గుర్తించే నంబరు, ఉంటుంది. ఎల్‌టీఎస్‌పీలో (సర్వర్ నుంచి ఈ పెట్టెలను బూట్ చేసే లినక్స్ సాఫ్ట్‌వేర్) సెట్టింగుల ఫైలులో ఆ అడ్రస్ పేరుతో విడిగా ఒక భాగం రాసుకుని, రిజల్యూషన్ మోడ్‌లు, రిఫ్రెష్ రేటు అక్కడే ఇవ్వొచ్చు. అందరికీ వర్తించే భాగంలో మాత్రం ఒక్క మానిటర్ కోసం ఏమీ రాయకు, ఇది గట్టిగా చెబుతున్నాను. ఇంకో సంగతి, 2019లో ఎల్‌టీఎస్‌పీని కొత్తగా తిరగరాశారు. సెట్టింగుల ఫైలు పేరూ, ఉండే చోటూ మారాయి. కొత్తదాంట్లో ఫైలు మార్చాక ‘ఎల్‌టీఎస్‌పీ ఇనిట్ఆర్‌డీ’ కమాండ్ ఇచ్చి, క్లయింట్‌ను రీబూట్ చేస్తేనే మార్పు అందుతుంది. చాలామంది అది మరిచిపోయి, సెట్టింగే తప్పనుకుని ఇంకో నాలుగు మారుస్తారు.

మౌస్ విషయంలో ముందు ఒక తేడా పట్టుకో. స్క్రీన్ మీద బాణాన్ని గీసేది పెట్టే, సర్వర్ కాదు. బాణం నున్నగా కదులుతూ, విండోలు మాత్రం ఆలస్యంగా తెరుచుకుంటుంటే నెట్‌వర్క్‌నో సర్వర్‌నో చూడు. అక్కడ మౌస్ మార్చడం దండగ. బాణమే ఆగి ఆగి కదిలితే మౌస్, దాని పోర్ట్, దాని కింద ఉన్న బల్ల. గాజు మీదా, బాగా మెరిసే ఉపరితలం మీదా మామూలు ఆప్టికల్ మౌస్ తడబడుతుంది, కింద ఒక కాగితం పెట్టి చూడు.

బాణం మూలకు దూకి, ఎవరూ నొక్కకుండానే క్లిక్‌లు పడుతుంటే, పాత మెషీన్లలో అది ప్రోటోకాల్ తేడా కావచ్చు. గుండ్రటి ప్లగ్ ఉండే పాత రకం సాదా పీఎస్/2 మౌస్ ఒక్కో కదలికను 3 బైట్లలో పంపుతుంది, చక్రం ఉన్న ఇంటెల్లీమౌస్ రకం 4 పంపుతుంది. 4 వస్తుంటే 3 అనుకుని చదివితే లెక్క జారిపోయి, కదలిక బైటు క్లిక్‌లా కనిపిస్తుంది. పీఎస్/2 మౌస్‌ను మాత్రం పవర్ ఆపేసే తగిలించు. నడుస్తుండగా పీకి పెట్టడానికి ఆ పోర్ట్‌ను చేయలేదు, పోర్ట్ పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

కొత్త సిస్టమ్‌లలో మౌస్‌ను ఎక్స్ సర్వర్ తానే గుర్తిస్తుంది. పేరులో సర్వర్ ఉన్నా, అది పెట్టెలోనే నడుస్తూ స్క్రీన్, మౌస్, కీబోర్డులను చూసుకునే ప్రోగ్రాము. పాత ఫైలులోని మౌస్ భాగాన్ని తెచ్చి అతికిస్తే మామూలుగా దాన్ని పట్టించుకోదు, ఆ సంగతి లాగ్‌లో, అంటే జరిగినవి రాసుకునే ఫైలులో, రాస్తుంది కూడా. అందుకే లాగ్ చదవమంటాను. బ్రాకెట్లలో రెండు ‘ఈ’ అక్షరాలున్న లైన్లు తప్పులు, రెండు ‘డబ్ల్యూ’లున్నవి హెచ్చరికలు. క్లయింట్‌లో ఆ లాగ్ మెమరీలోనే ఉంటుంది, రీబూట్ చేస్తే పోతుంది. కాబట్టి పవర్ బటన్ నొక్కే ముందే చదివి రాసుకో.

ముందుగా బాగున్న మెషీన్ నుంచి కేబుల్ తెచ్చి ఆ మూడింటికీ ఒక్కొక్కటిగా పెట్టి చూడు. నాలుగోదాని మౌస్ పీఎస్/2దో యూఎస్‌బీదో, దాని లాగ్‌లో తప్పుల లైన్లు ఏమున్నాయో రాసి పంపు. అప్పటిదాకా సర్వర్ ఫైలు అలాగే ఉండనీ.

ఇట్లు,
మీ అన్నయ్య