చక్రాల అలైన్‌మెంటును ఇంట్లోనే కొలుచుకోవచ్చునా?

ఈ దేశానికి వచ్చిన మూడో నెలలోనే పాత కారు కొన్నారని, అది కొద్దిగా ఎడమకు లాగుతోందని, వర్క్‌షాపువారు అలైన్‌మెంటుతో (చక్రాల కోణాలు సరిచేయడంతో) పాటు ముందు టైర్లు రెండూ మార్చాలన్నారని రాశారు. గేజితో ఇంట్లోనే కొలుచుకోవడం సాధ్యమా అని అడిగారు. సాధ్యమే. పద్నాలుగేళ్లుగా నేను కొలుచుకుంటున్నాను. అయితే మొదటి ఏడాది నేను చేసిన పొరపాట్లు మీరు చేస్తే డబ్బు మిగలడం మాట అటుంచి, ఉన్నది కూడా పోతుంది.

నా మొదటి కారు ముందు టైర్లను అరచేత్తో అడ్డంగా నిమిరితే ఒక దిక్కున నున్నగా ఉండేవి, చెయ్యి వెనక్కి తెస్తే రంపపు పళ్లలా గీసుకునేవి. అది టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు, తప్పిందనడానికి గుర్తు. నాకది తెలియక కొత్త జత వేయించాను. కారణం అలాగే ఉండిపోవడంతో ఆ జత కూడా ఏడాది తిరగకుండానే అరిగిపోయింది. ఇంటికి పంపవలసిన డబ్బును అలా రెండుసార్లు రోడ్డుమీద పోశాను. ఆ బాధతోనే గేజి కొన్నాను.

ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ, వెనుక అంచుల మధ్య దూరానికీ ఉన్న తేడాయే టో. వెనుక దూరం ఎక్కువైతే టో ఇన్, ముందు దూరం ఎక్కువైతే టో అవుట్. 600 మిల్లీమీటర్ల వ్యాసమున్న టైర్ల మధ్య ఈ తేడా 3 మిల్లీమీటర్లుంటే, కారు కిలోమీటరు నడిచేసరికి ఒక్కో చక్రం దాదాపు రెండున్నర మీటర్లు పక్కకు వెళ్లబోయి, వెళ్లలేక, రోడ్డును రాసుకుంటూ పోతుంది. మీ డబ్బు అరిగేది అక్కడే.

నా మొదటి తప్పు, గేజిని రిమ్ము అంచుకు ఆనించి ఒక్కసారే కొలవడం. రిమ్ము కంటికి తెలియనంత వంగి ఉంది. ఆ వంపునే నేను టో అనుకుని టై రాడ్డు (స్టీరింగును చక్రానికి కలిపే, టో సరిచేసే కడ్డీ) తిప్పాను. చేయవలసింది వేరు. ముందు స్టీరింగును నిటారుగా నిలిపి, రెండు టైర్ల ముందు భాగంలో ఇరుసు ఎత్తున సుద్దతో గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరం కొలవాలి. తర్వాత కారును చక్రం సరిగ్గా అర చుట్టు తిరిగేంత ముందుకు నెట్టి, వెనక్కి చేరిన అవే గుర్తుల మధ్య మళ్లీ కొలవాలి. రెండుసార్లూ కొలిచింది ఒకే గుర్తులు కాబట్టి రిమ్ము వంపు లెక్కలోంచి తొలగిపోతుంది. గుర్తు దాటిపోతే వెనక్కి లాగి సరిపెట్టకండి; జాయింట్లలోని వదులు అటు తిరిగి కొలత మారుతుంది. ఇంకో చుట్టు ముందుకే నెట్టండి.

రెండో తప్పు నన్ను ఎక్కువ ముంచింది. మాన్యువల్లో టో 0°10′ అని ఉంటే 0.10 డిగ్రీ అని చదివాను. అవి నిమిషాలు, 60 కలిస్తే ఒక డిగ్రీ. అంటే అది 0.17 డిగ్రీ. పైగా అది ఒక్కో చక్రానికి ఇచ్చిన అంకె, నేను రెండింటికీ కలిపి అనుకున్నాను. కావలసినదానిలో మూడో వంతు కూడా పెట్టకుండా, పని పూర్తయిందని నెలల తరబడి తిరిగాను. 600 మిల్లీమీటర్ల టైరుకు 1 మిల్లీమీటరు తేడా సుమారు 0.1 డిగ్రీ అని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు వెంటనే పట్టుబడుతుంది. అంగుళాల టేపు చేతికి వస్తే, పదహారో వంతు గీత దాదాపు 1.6 మిల్లీమీటర్లు.

జాకీ దించిన వెంటనే కూడా కొలవకండి. పైకి లేచిన చక్రాలు దించాక వెంటనే తమ స్థానానికి రావు. కారును కొన్ని మీటర్లు నడిపి తెచ్చాకే గేజి తీయండి. అంతకుముందే టైర్లలో గాలి సరిచూసి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపి చూడండి. టై రాడ్డు చివర వదులుగా ఉంటే ఏ కొలతా నిలవదు.

క్యాంబర్‌కు, అంటే ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణానికి, అయస్కాంతమున్న డిజిటల్ గేజి దొరుకుతుంది. అల్యూమినియం రిమ్ముకు అది అతుక్కోదు కాబట్టి, ఒక తిన్నని ఇనుప పట్టీని రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ ఆనించి దానిమీద పెట్టాలి. పట్టీ టైరు కింద ఉబ్బిన భాగాన్ని తాకకూడదు. ఎడమ, కుడి చక్రాల మధ్య నేల 3 మిల్లీమీటర్లు వాలినా, 1500 మిల్లీమీటర్ల వెడల్పుకు 0.11 డిగ్రీ తప్పు వస్తుంది. చాలా కార్లకు ముందు క్యాంబర్ మార్చే ఏర్పాటు ఉండదు, కనుక అది తెలుసుకోవడానికే.

మీ కారు ఎడమకు లాగడానికి కారణం టో కాకపోవచ్చు. రెండు చక్రాల టో సమంగా తప్పితే టైరు అరుగుతుంది గాని బండి ఒక పక్కకు పోదు. ఒకే దిక్కున తిరగవలసిన టైర్లు కాకపోతే, ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి నడిపి చూడండి. లాగే దిక్కు మారితే దోషం టైరుదే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయినా కొత్తగా వచ్చినవారు ఇది చేయకుండానే బిల్లు కట్టేస్తారు.

అద్దె ఇంటి ఆవరణలో కారు పని చేయవచ్చా, టైరు గాడి ఎంత లోతుండాలి అన్నవి ప్రభుత్వ వెబ్‌సైట్లో, మీ ఒప్పందంలో చూసుకోండి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కిందకు మాత్రం ఎన్నడూ దూరవద్దు.

ప్రస్తుతానికి టై రాడ్డు ముట్టుకోకుండా మూడుసార్లు కొలిచి మూడు అంకెలూ రాసుకోండి. అవి అర మిల్లీమీటరు లోపు కలిస్తే మీ చెయ్యి కుదిరినట్టే. ఆ కాగితాన్నీ, వర్క్‌షాపువారి యంత్రం ఇచ్చిన ప్రింటునూ పక్కపక్కన పెట్టి నాకు పంపండి. టైర్లకు డబ్బు కట్టడానికి ముందే పంపండి.