‘ముసలిదైంది, ఇక అంతే’ అని వదిలేయొచ్చా?

ప్రశ్న: మా పింకీ పామరేనియన్, ఆడది. 12 ఏళ్లు నిండాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. నెలన్నరగా తిండి సరిగా తినట్లేదు. ఇన్నాళ్లూ ఇష్టంగా తిన్న డ్రై ఫుడ్ దగ్గరికి వెళ్తుంది, వాసన చూస్తుంది, రెండు గింజలు నోట్లో పెట్టుకుని కింద పడేసి వచ్చేస్తుంది. రాత్రి పెరుగన్నం పెడితే కొంచెం తింటోంది. మేం భోంచేస్తుంటే ఎప్పటిలాగే పక్కకొచ్చి కూర్చుంటుంది. నీళ్లు మాత్రం బాగా తాగుతోంది. సంక్రాంతికి 9.5 కిలోలు ఉండేది, మొన్న తూస్తే 8 కిలోలు. మా అత్తగారు ‘ముసలిదైంది, ఇక అంతే’ అంటున్నారు. తెలిసినవాళ్లు లివర్ టానిక్ పట్టమన్నారు. పట్టొచ్చా? డాక్టరుకు చూపించాల్సినంత అవసరం ఉందా?
- ఏలూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: చూపించాలి. అదీ రెండు మూడు రోజుల్లోనే. టానిక్ సంగతి తర్వాత చూద్దాం.

ఎందుకు తొందరపెడుతున్నానో మీరు రాసిన అంకెల్లోనే ఉంది. 9.5 కిలోల కుక్క 8 కిలోలకు వచ్చిందంటే ఒంట్లో దాదాపు ఆరో వంతు పోయినట్టు. 60 కిలోల మనిషి రెండు నెలల్లో 50 కిలోలకు దిగిపోతే ఇంట్లో ఎవరూ ‘వయసైపోయింది’ అని ఊరుకోరు కదా! బొచ్చు కుక్కల్లో అయితే ఈ తగ్గుదల కంటికి ఆనదు. వీపు మీద చెయ్యి వేసి నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతాయి, అప్పుడు గానీ తెలియదు. మీరు తూచి చూశారు, అదే చాలా మేలు చేసింది. ఇంకో మాట, 9.5 కిలోలు ఉండేదంటే మీది పామరేనియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్ అయ్యుంటుంది. అసలు పామరేనియన్ సాధారణంగా రెండు మూడు కిలోలకు మించదు. మన ఇళ్లలో పామరేనియన్లుగా చలామణీ అయ్యేవి చాలావరకు స్పిట్జ్‌లే. దానివల్ల వైద్యం ఏమీ మారదు లెండి.

వయసు వల్ల తిండి తగ్గదా అంటే, తగ్గుతుంది. ముసలి కుక్క ఎక్కువసేపు పడుకుంటుంది, తక్కువ తిరుగుతుంది, కాబట్టి అంత తిండి అక్కర్లేదు. వాసన పట్టే శక్తి కూడా మందగిస్తుంది. కుక్కకు రుచి చాలావరకు ముక్కులోనే ఉంటుంది కాబట్టి వాసన తెలియని తిండి మీద దానికి మోజు పోతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట గిన్నె ముట్టకపోవడమూ మామూలే. కానీ ఇవన్నీ నెమ్మదిగా, ఏళ్ల తరబడి జరిగేవి. వాటివల్ల నెలన్నరలో కిలోన్నర పోదు.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆకలి లేకపోవడం వేరు, ఆకలి ఉండీ తినలేకపోవడం వేరు. పింకీ గిన్నె దగ్గరికి వెళ్తోంది, వాసన చూస్తోంది, నోట్లో పెట్టుకుంటోంది, తర్వాత పడేస్తోంది. మీ కంచం పక్కన కూర్చోవడం మానలేదు. మెత్తటి పెరుగన్నం తింటోంది. ఇది తిండి వద్దనుకున్న కుక్క చేసే పని కాదు, నమలలేని కుక్క చేసే పని. కాబట్టి నా మొదటి అనుమానం నోటి మీదే.

మా క్లినిక్‌కు ఆ మధ్య ఒకాయన 11 ఏళ్ల డాషండ్ కుక్కను తీసుకొచ్చాడు. ‘అలిగింది సార్, కొత్త కోడలు వచ్చినప్పటి నుంచి తినట్లేదు’ అన్నాడాయన. కంటి కింద చిన్న వాపు ఉంటే పురుగు కుట్టిందనుకుని వారం నుంచి ఆయింట్‌మెంట్ రాస్తున్నారట. పై పెదవి ఎత్తి చూశాను. ముందు పళ్లు బాగానే ఉన్నాయి. బుగ్గను ఇంకొంచెం వెనక్కి లాగితే, పై దవడలోని పెద్ద పన్ను మీద గార సిమెంటు పెచ్చులా కట్టుకుని ఉంది. చిగురు వెనక్కి జారి పన్ను వేరు బయటికి కనబడుతోంది. వేలితో తాకగానే పన్ను కదిలింది, కుక్క కెవ్వుమంది. కంటి కింద వాపు ఆ పంటి వేరుకు పట్టిన చీము. మత్తిచ్చి ఆ పన్ను తీసేసి, మిగతావి శుభ్రం చేశాం. నాలుగో రోజు ఫోన్ చేసి ‘కోడలి చేతి అన్నమే తింటోంది సార్’ అన్నాడు.

మీరూ ఇవాళ పెదవి ఎత్తి చూడండి. ముందు పళ్లు చూసి సరిపెట్టుకోకండి, జబ్బు ఎక్కువగా వెనక పళ్లలోనే ఉంటుంది. నోరు బలవంతంగా తెరవొద్దు, నొప్పి ఉంటే ఎంత నెమ్మదైన కుక్కయినా కరుస్తుంది. ‘ఈ వయసులో మత్తు తట్టుకుంటుందా’ అని చాలామంది భయపడతారు. రక్తపరీక్షలు, గుండె చూసుకుని ఇస్తే 12 ఏళ్ల కుక్కకూ మత్తు ఇవ్వొచ్చు. మత్తు లేకుండా పళ్లు గీకడం మాత్రం పైకి తెల్లగా కనబడటానికే పనికొస్తుంది, చిగురు కిందకు ఆ పరికరం వెళ్లదు.

అయితే నోటి దగ్గరే ఆగిపోలేను. నీళ్లు బాగా తాగుతోందని రాశారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ ఒక్క వాక్యమే. ఎందుకంటే డ్రై ఫుడ్‌లో తేమ దాదాపు ఉండదు, పెరుగన్నంలో చాలావరకు నీళ్లే. పొడి తిండి మానేసి పెరుగన్నానికి మారిన కుక్క మామూలుగా అయితే నీళ్లు తగ్గించాలి. ఇది పెంచింది.

ఎంత పెంచిందో కొలవండి. లీటరు సీసాతో కొలిచి గిన్నె నింపండి, అయిపోతే మళ్లీ కొలిచి పోయండి, మర్నాడు అదే సమయానికి మిగిలింది తీసేసి లెక్కేయండి. 8 కిలోల కుక్క రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు తాగితే సరే. 800 దాటితే జబ్బు కిందే లెక్క. బాత్‌రూమ్‌లో బకెట్ నీళ్లు తాగే అలవాటుంటే ఆ రోజు తలుపు వేసి ఉంచండి.

ఆపరేషన్ కాని ఆడకుక్క దాహం పెరిగి, తిండి తగ్గి, డీలా పడితే మేం మొదట అడిగేది ‘చివరిసారి హీట్‌కు (ఎదకు) ఎప్పుడొచ్చింది’ అని. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయినట్టు కుక్కలకు ఆగదు, ముసలితనంలో కూడా హీట్‌కు వస్తూనే ఉంటాయి. హీట్ అయిన నెల, రెండు నెలల్లో గర్భసంచిలో చీము చేరే జబ్బు ఒకటి ఉంది, పయోమెట్రా అంటాం. కొన్నింటికి కింద నుంచి చీము కారుతుంది, దాంతో ఇంట్లోవాళ్లు పసిగడతారు. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే ఏమీ కారదు. లోపల చీము నిండిపోతుంది, పైకి కనబడేవి దాహం, నీరసం, వాంతులే. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. పింకీది నెలన్నరగా సాగుతోంది కాబట్టి ఇదే అని అనడం లేదు. కానీ పొట్ట స్కానింగ్ లేకుండా ఇది కాదనీ చెప్పలేను. అందుకే రెండు మూడు రోజుల గడువు. హీట్ అయి రెండు నెలలు దాటకపోతే ఆ గడువు కూడా వద్దు, రేపే వెళ్లండి.

దాహం విషయంలో రెండో అనుమానం కిడ్నీలు. కిడ్నీ దెబ్బతిన్న కుక్క మూత్రాన్ని చిక్కబరచలేదు. నీళ్లలాంటి మూత్రం ఎక్కువగా పోస్తుంది, పోయినదాన్ని పూడ్చుకోవడానికి తాగుతుంది. రక్తంలో చెడు పదార్థాలు పేరుకుని కడుపులో తిప్పుతుంది. తిండి చూడగానే పెదాలు నాకడం, గుటకలు మింగడం, చొంగ కార్చడం కనబడితే అది వికారమే. ‘నోరూరుతోంది, ఆకలేస్తోంది కాబోలు’ అని ఇంకొంచెం దగ్గరికి జరుపుతారు మనవాళ్లు, అది ముఖం తిప్పేసుకుంటుంది. ఇక్కడో చిక్కుంది. కిడ్నీల పనితనం ముప్పాతిక వంతు పోయేదాకా క్రియాటినిన్ (కిడ్నీల పనితనం తెలుసుకోవడానికి రక్తంలో చూసే పదార్థం) పెద్దగా పెరగదు. పైగా చిక్కి కండ తగ్గిన కుక్కలో అది ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. కాబట్టి ‘క్రియాటినిన్ నార్మల్’ అన్న ఒక్క ముక్కతో ఇంటికి రావొద్దు. మూత్రం చిక్కదనం కూడా చూడమని అడగండి.

ఈ రెండింటితో పాటు షుగర్, లివర్, ప్లేట్‌లెట్లు కూడా చూస్తారు. మన వాతావరణంలో పిడుదుల బెడద ఏడాది పొడుగునా ఉంటుంది, వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో మొదట పోయేది ఆకలే. మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి అంత దూరమేమీ కాదు. మీ ఊళ్లో స్కానింగ్ దొరక్కపోతే అక్కడికి తీసుకెళ్లండి.

ఇక టానిక్. లివర్ టానిక్ పన్ను నొప్పి తగ్గించదు, చీము తీయదు, కిడ్నీని బాగుచేయదు. అది పట్టి పది రోజులు ఎదురుచూస్తారు చూశారా, ఆ పది రోజులతోనే నా గొడవంతా. ఆకలి పెంచే మందులు, వికారం తగ్గించేవి కుక్కలకూ ఉన్నాయి, కారణం తెలిశాక డాక్టరే రాస్తారు. నొప్పేమో అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు మాత్రం చచ్చినా వేయొద్దు. కడుపులో పుండ్లు, కిడ్నీ, లివర్ దెబ్బతినడం, ఏదైనా జరగొచ్చు. డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో వాడకూడదని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని చేసిన నిషేధం అది, కానీ కుక్కకూ అది మంచి మందు కాదు.

పరీక్షలు అయ్యేలోపు తిండి ఎలా అంటే, డ్రై ఫుడ్‌ను గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి మెత్తగా చిదిమి పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెట్టొద్దు. కొద్దిగా వేడి తగిలితే వాసన లేస్తుంది, ముసలి ముక్కుకు అదే పిలుపు. మీ మణికట్టు మీద వేసుకుంటే గోరువెచ్చగా ఉండాలి, అంతకు మించొద్దు. పెరుగన్నం కడుపు నింపుతుంది గానీ అందులో మాంసకృత్తులు తక్కువ, కండ నిలవదు. ఎముకల్లేకుండా ఉడికించిన చికెన్ గానీ ఉడికించిన గుడ్డు గానీ మెదిపి కలపండి. ‘ముసలి కుక్కకు మాంసం పెడితే కిడ్నీలు పోతాయి’ అనే మాట చాలామంది నోట వింటాను. కిడ్నీ జబ్బు ఉందని తేలితే అప్పుడు లెక్క వేరు, దానికి తగ్గ ఆహారం డాక్టరు చెబుతారు. జబ్బు లేని ముసలి కుక్కకు మంచి మాంసకృత్తులు తగ్గించకూడదు, ఉన్న కండ కూడా కరిగిపోతుంది. తినట్లేదు కదా అని మీ కూర కలిపి పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.

రెండు పూటలకు బదులు నాలుగు సార్లు కొంచెం కొంచెం పెట్టండి. ఇరవై నిమిషాలు చూసి గిన్నె తీసేయండి. నోరు తెరిచి కుక్కడం వద్దు. వికారంగా ఉన్నప్పుడు బలవంతంగా పెట్టిన తిండి మీద కుక్కకు అసహ్యం పడిపోతుంది, బాగయ్యాక కూడా దాన్ని ముట్టదు. గిన్నె టైల్స్ మీద ఉంటే కింద ఓ పాత గోనెపట్టా వేయండి. కీళ్ల నొప్పులున్న కుక్క కాళ్లు జారుతూ తల వంచి తినలేక మధ్యలో మానేస్తుంది. ఇంట్లో మూత్రం పోస్తోందని రాత్రిపూట నీళ్ల గిన్నె దాచేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. కిడ్నీ దెబ్బతిన్న కుక్కకు ఆ ఒక్క రాత్రి చాలు, పరిస్థితి తిరగబడుతుంది.

మీ పింకీకి అవసరం లేని మాటే అయినా, దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఫిర్యాదులూ వస్తుంటాయి. ‘మా ముసలిది ఎంత పెట్టినా ఇంకా అడుగుతోంది, భలే ఆకలి’ అని సంతోషంగా చెబుతారు. అదీ చూపించాల్సిందే. బాగా తింటూ చిక్కిపోతుంటే, మూత్రం పోసిన చోట చీమలు పడుతుంటే షుగర్ అని అనుమానించాలి. తిండి, దాహం పెరిగి, పొట్ట వేలాడి, ఒంటిమీద బొచ్చు పలచబడుతుంటే కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు కావొచ్చు. దురదకు స్టెరాయిడ్ వాడుతున్నా ఇలాగే ఆకలి పెరుగుతుంది. ఇప్పుడే తిని, తిన్నానన్న సంగతి మరిచిపోయి మళ్లీ గిన్నె దగ్గర నిలబడేవీ ఉన్నాయి. రాత్రుళ్లు ఊరికే తిరగడం, గోడ మూలన నిలబడి చూస్తూ ఉండిపోవడం కూడా తోడైతే అది మతిమరుపు.

పింకీ విషయంలో ఇవి కనబడితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు: 24 గంటలుగా ఏమీ ముట్టకపోవడం, తాగిన నీళ్లు కూడా కక్కేయడం, పొట్ట ఉబ్బడం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, తారులాంటి నల్లటి విరేచనం, కింద నుంచి చీము గానీ రక్తం గానీ కారడం. అర్ధరాత్రి అయినా సరే బయల్దేరండి.

వెళ్లేటప్పుడు మూడు పట్టుకెళ్లండి. తిండి దగ్గర అది ఏం చేస్తుందో ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి. ఎందుకంటే ఆసుపత్రి టేబుల్ ఎక్కాక భయానికి ఏ కుక్కా తినదు. నీళ్ల లెక్క, చివరి హీట్ తేదీ రాసిన కాగితం రెండోది. మూడోది పొద్దున్నే పోసే మొదటి మూత్రం. ఆడకుక్కది పట్టడం కష్టం అనుకుంటారు గానీ, పొడుగు పిడి ఉన్న గరిటె శుభ్రంగా కడిగి ఆరబెట్టుకుని, అది కూర్చోగానే వెనక నుంచి మెల్లగా కిందకు జరిపితే చాలు. వెంటనే మూత ఉన్న చిన్న సీసాలో పోసి, రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. గర్భసంచిలో చీము అనుమానం ఉందని డాక్టరుకు చెప్పండి, మూత్రాన్ని సూదితో పొట్టలోంచి తీసే పద్ధతి వద్దనుకుంటారు. ఆ గరిటె మాత్రం మళ్లీ వంటింట్లోకి రానివ్వరు, కాబట్టి పాతది చూసి తీసుకోండి.