సంక్రాంతి మినీ సెషన్లు పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

ఈ సంక్రాంతికి భీమవరంలో ఫ్యామిలీ మినీ సెషన్లు, అంటే ఒక్కో కుటుంబానికి అరగంటలో ముగిసే చిన్న ఫొటో షూట్లు, పెడతానన్నావు. చాలా సంతోషం. మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో తేల్చుకో. ఆ రెండు రోజుల్లో చేతికొచ్చే డబ్బు చూసుకుని పెడితే నిరాశపడతావు. ఏడాది పొడుగునా నీ దగ్గరికి రావలసిన కుటుంబాల చేత ఒకసారి గడప తొక్కించడానికే ఈ మినీ సెషన్. తేదీలు, ధర, సెట్టు అన్నీ ఈ లెక్కతోనే చూసుకో.

ముందు తేదీలు. పండక్కి ఊరొచ్చేవాళ్లంతా ఒకేసారి రారు. అమెరికాలో ఉన్నవాళ్ల పిల్లలకు సెలవులు క్రిస్మస్ ముందు మొదలై జనవరి మొదటి వారంలో అయిపోతాయి. చాలామంది భోగి చూడకుండానే విమానం ఎక్కేస్తారు. హైదరాబాద్ వాళ్లేమో జనవరి 11, 12 తారీఖులకు గానీ దిగరు. అందుకని రెండు విడతలు పెట్టు: డిసెంబరు ఆఖరి ఆదివారం ఒకటి, భోగికి ముందురోజు ఇంకొకటి. రెండో విడతలో బస్సు దిగిన పూటే ఎవరికీ స్లాట్ ఇవ్వకు. ఆ రోజుల్లో విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర బండ్లు బారులు తీరి ఉంటాయి. ఒక్క కుటుంబం రెండు గంటలు ఆలస్యమైతే ఆ రోజు వరుసంతా చెడిపోతుంది.

స్లాటు అరగంట. ఇరవై నిమిషాలు ఫొటోలకు, పది నిమిషాలు ఒక కుటుంబం వెళ్లి ఇంకొకటి రావడానికి. ఉదయం 7 నుంచి 10 దాకా ఆరు, సాయంత్రం 3.30 నుంచి 5.30 దాకా నాలుగు, మొత్తం పది. మధ్యాహ్నం ఖాళీగా ఉందని అక్కడ ఇంకో నాలుగు ఇరికించకు. నడినెత్తిన ఎండకు కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి, పిల్లలు కళ్లు తెరవరు. రెండేళ్లలోపు బిడ్డ ఉన్నవాళ్లను బిడ్డ ఎన్నింటికి నిద్రపోతుందో అడిగి, లేచిన గంటకు స్లాట్ ఇవ్వు. ఈ ఒక్క ప్రశ్న సగం ఏడుపుల్ని తప్పిస్తుంది.

ధర దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. నీ పూర్తి సెషన్ 8,000, ముప్పై ఫొటోలు అనుకుందాం. మినీ 2,500, ఆరు ఫొటోలు పెట్టు. పది కుటుంబాలకు 25,000. ఫొటోలు తీసే కొబ్బరితోట అద్దె 3,000, సెట్టుకు 4,000, సహాయకుడికి 1,500, ఇంటికొక ప్రింటు చొప్పున 2,500 తీసేస్తే 14,000 మిగులుతుంది. ఫోన్లు, ఏర్పాట్లు, ఎడిటింగ్ కలిపితే ఇరవై మూడు గంటల పని. గంటకు ఆరు వందలు. ఆరు బదులు ఇరవై ఫొటోలిచ్చావంటే ఎడిటింగ్ గంటలు మూడింతలవుతాయి, పైగా మళ్లీ ఎవరూ 8,000 సెషన్ అడగరు. ఆరు ఇచ్చి ఊరుకో. మిగతావి చూపించి, కావాలంటే ఒక్కోటి 300 అని చెప్పు. సగం డబ్బు అడ్వాన్స్‌గా ఫోన్‌పేలో పడ్డాకే పేరు రాసుకో. బిడ్డకు జ్వరమొస్తే ఒకసారి రోజు మార్చు, డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వనని ముందే రాతపూర్వకంగా చెప్పు.

కబురు ముందు పాత కస్టమర్లకు వెళ్లాలి. నవంబరు ఆఖరున ఒక్కొక్కరికీ పేరు పెట్టి, వాళ్ల పిల్లల పేర్లతో విడివిడిగా వాట్సాప్ చెయ్యి. మూడు రోజులు వాళ్లకే వదులు. మిగిలిన స్లాట్లు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టు. పాత ఫొటో ఒకటి, తేదీ, చోటు, ధర, ఎన్ని ఫొటోలు, ఎన్ని స్లాట్లు మిగిలాయి, అంతకు మించి రాయకు. "ధర కోసం మెసేజ్ చేయండి" అని మాత్రం అనకు. అలా అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

బుకింగ్ రోజునే బట్టల మాట ఎత్తు. పండగ కొత్తబట్టలు పండగరోజు కంటే ముందు కట్టుకోవడం చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు ఇష్టం ఉండదు. కిందటేడు పట్టుబట్టలైనా చక్కగా ఉంటాయని నువ్వే చెప్పు. లేకపోతే ఆ వాదన తోటలో, నీ ఇరవై నిమిషాల్లో జరుగుతుంది.

సెట్టు తక్కువలో ఉంచు. కొబ్బరితోట నీడ, గడ్డివాము, నులకమంచం, కళ్లాపి చల్లిన నేల మీద ముగ్గు, గొబ్బెమ్మలు చాలు. ముగ్గు కుటుంబం కూర్చునే చోట వేస్తే మూడో స్లాటుకల్లా పాదాల కింద చెరిగిపోతుంది. ఆరడుగుల జాగా ఖాళీగా వదిలి, దాని ముందు వెయ్యి. నులకమంచం నడుమ కుంగి అందరూ లోపలికి ఒరుగుతారు. తాతను, నాయనమ్మను చెరో పట్టె మీద కూర్చోబెట్టి మధ్యలో పిల్లల్ని ఉంచు. గడ్డి దురద పెడుతుంది, చంటిపిల్లల కింద దుప్పటి పరుచు. గాలిపటం పట్టిస్తే నూలు దారమే కట్టు, మాంజా తోటలోకి రానివ్వకు. భోగిమంట జోలికి అసలు పోవద్దు. పరికిణీల్లో సింథటిక్ గుడ్డ ఎక్కువ, నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి.

భోగిపళ్లు పోసే ఫొటో అందరూ అడుగుతారు, దానికి ఐదు నిమిషాలు కేటాయించు. రేగుపళ్లు తగ్గించి బంతిపూల రేకులు ఎక్కువ కలుపు. చిల్లర లెక్కపెట్టి వేసి, మళ్లీ లెక్కపెట్టి తీసుకో. కింద పడిన నాణెం మొదట బిడ్డ నోట్లోకే వెళుతుంది. షటర్ వేగం సెకనులో 1/500 వంతు కంటే నెమ్మదించకూడదు, ఎపర్చర్ (లెన్సు తెరుచుకునే రంధ్రం) ఎఫ్4, ఫోకస్ బిడ్డ కంటి మీద. ఫోకస్ కిందికి రాలుతున్న పళ్ల వైపు వెళ్లిందా, ముఖం మసకబారుతుంది. వరుసగా పది పన్నెండు ఫ్రేములు తీస్తే ఒకటి నిలుస్తుంది.

అందరూ కలిసిన ఫొటో మాత్రం మొదటి ఐదు నిమిషాల్లోనే తీసెయ్. రెండు వరుసలుంటే ఎపర్చర్ ఎఫ్8, ఒక వరుసకు ఎఫ్5.6. జరీ అంచు, తెల్లపంచె తెల్లగా మాడిపోకుండా ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) కొంచెం తగ్గించు. చెట్ల నీడలో ముఖాల మీద పచ్చఛాయ పడుతుంది కాబట్టి రంగుల ఛాయ సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచకు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి సరిచేసి వదిలెయ్. ఒక పూట ఫొటోలన్నీ ఒకే సెట్టింగ్‌తో ఎడిట్ అయిపోతాయి. నీ గంటలు మిగిలేది ఇక్కడే.

మొదటి విడతవాళ్లకు మూడు రోజుల్లో ఫొటోలు అందాలి. రెండో విడతవాళ్లకు ఆ రాత్రికే ఒక్కొక్కటి, మిగతావి పండగ అయ్యాక. ఆ ఒక్క ఫొటోను శుభాకాంక్షల కార్డులా చేసి, "సంక్రాంతి శుభాకాంక్షలు" అని రాసి, కింద మూల చిన్న అక్షరాల్లో నీ స్టూడియో పేరు, ఊరు వెయ్యి. భోగి పొద్దున ఆ కుటుంబమే దాన్ని చుట్టాలందరికీ పంపుతుంది. ఏ ప్రకటనా చేరని ఇళ్లకు అది చేరుతుంది. పేరు పెద్దదిగా, ముఖాల మీద పడేలా వేస్తే దాన్ని కత్తిరించి పంపుతారు, నీ పని వృథా. నువ్వు ఆ ఫొటోను నీ పేజీలో పెట్టుకోవాలంటే మాత్రం తల్లిదండ్రుల అనుమతి రాతలో తీసుకో. వద్దన్నవాళ్లను రెండోసారి అడగకు.

ఫొటోలు ఇచ్చేటప్పుడు పిల్లల అమ్మ ఒక్కతే కాకుండా నాయనమ్మ కూడా ఉండేలా చూడు. గోడకు పెద్ద ఫ్రేము కావాలనేది సాధారణంగా ఆవిడే. విమానంలో వెళ్లేవాళ్లకు ఫ్రేము కట్టకుండా ప్రింటు చుట్టి గొట్టంలో పెట్టివ్వు.

ఇక రిజిస్టరు. ప్రతి ఇంటికీ ఒక పేజీ: పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, అమ్మ ఫోను నంబరు. ఇవి ఎందుకు అడుగుతున్నావో చెప్పి, సరేనంటేనే రాసుకో. చంటిబిడ్డ ఉంటే ఆరో నెల అన్నప్రాశన, తర్వాత మొదటి పుట్టినరోజు, అక్షరాభ్యాసం. పెద్దపిల్లలుంటే ఓణీల ఫంక్షన్, పంచెల ఫంక్షన్. ఒక్కోదానికి నలభై రోజుల ముందు ఫోన్ చెయ్యి. అంతకంటే ఆలస్యమైతే అప్పటికే ఎవరికో అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు.

తోట యజమానితో అద్దె మాట ఈ నెలలోనే ఖాయం చేసుకో. డిసెంబరు వస్తే నువ్వు అడిగిన రోజు దొరకదు.

ఆశీస్సులతో,
పెదనాన్న